సన్న గింజకు బోనస్ ఇచ్చారు, బలమున్న గింజకు ఎప్పుడిస్తారు సార్?

వ్యవసాయ శాఖ మంత్రి గారికి, కల్వకుర్తి దగ్గరి ఒక చెల్క రైతు నమస్తే.

మొన్న మా చిన్న కూతురిని ఆస్పత్రికి పరీక్షకు తీసుకుపోతే, ఐదో నెల కడుపుతో ఉంది, రక్తం ఎనిమిదిన్నరే ఉందన్నారు. ఐరన్ ఉండే ఎర్ర గోలీల అట్టలు చేతిలో పెట్టి పంపారు. వేసుకుంటే కడుపులో తిప్పుతుందని సగం అట్టలు దిండు కింద దాచింది, నేనే చూశాను. హాస్టల్‌లో ఉండే మనవరాలికి వారానికో నీలం గోలీ ఇస్తారు, అది కిటికీలోంచి బయటికే. రేషన్ బియ్యంలో ఐరన్ కలిపిన గింజలు వచ్చినప్పుడైతే మా వాడకట్టు ఆడవాళ్లు ప్లాస్టిక్ బియ్యమని చాటలో ఏరి పారేశారు. నీళ్లలో తేలుతుంటే భయపడరా మరి, అదేందో ముందుగా చెప్పినవాళ్లే లేరు. పైనుంచి కలిపింది ఏదైనా ఏరేయొచ్చు సార్. సజ్జరొట్టెలోంచి ఐరన్ ఎవరు ఏరతారు?

ఇది గాలిమాట కాదు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి ధనశక్తి అనే సజ్జ రకం తీశారు, 2012లో మహారాష్ట్రలో ఇచ్చి 2014లో దేశమంతటికీ విడుదల చేశారు. కిలో గింజలో 71 మిల్లీగ్రాముల ఐరన్, 40 దాకా జింకు. మహారాష్ట్ర బడిపిల్లలకు ఐరన్ ఎక్కువున్న ఈ సజ్జల రొట్టెలు నెలల తరబడి పెట్టి చూస్తే ఒంట్లో ఐరన్ పెరిగింది. హైబ్రిడ్ కాదు కాబట్టి మంచి కంకులు ఏరి మనమే మళ్లీ విత్తుకోవచ్చు. షాపులవాళ్లకు ఇది నచ్చకపోవడానికి కారణం కూడా అదేనేమో! మా దగ్గర విత్తనాల షాపులో అడిగితే "అది టానిక్కా కాకా?" అన్నాడు.

వరిలోనూ అంతే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ 2016లోనే డీఆర్ఆర్ ధాన్ 45 అనే వరి రకం ఇచ్చింది, పాలిష్ పట్టాక కూడా కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు. మీరేమో సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇస్తున్నారు, సంతోషమే, మేమూ తింటున్నాం. కానీ కొనుగోలు కేంద్రంలో గింజ మందం కొలుస్తారు తప్ప దాని లోపల ఏముందని ఎవరైనా అడిగారా? ఐరన్ కంటికి కనపడదు, అడ్తిదారు దానికి రూపాయి ఎక్కువ ఇవ్వడు, అట్లాంటప్పుడు రైతు ఎందుకు వేస్తాడు? గింజ పగలగొట్టకుండానే నిమిషాల్లో ఐరన్, జింకు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్లు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయట. మా పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒకటి పెట్టించి, పరీక్షలో నెగ్గిన సజ్జలు, జొన్నలు, వడ్లు అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు బోనస్‌తో కొనండి. మేం పండిస్తామా లేదా అప్పుడు చూడండి.

ఒక తంటా ఉంది, దాచను. సజ్జ పిండి వారం పది రోజులకే చేదెక్కుతుంది, అందుకే మా ఇంటిది కూడా బియ్యానికి మరిగింది. హాస్టళ్లకు పిండి కాకుండా గింజలే ఇచ్చి, దగ్గరి గిర్నీలో వారం వారం పట్టిస్తే సరిపోతుంది.

సజ్జకు ఎకరాకు రెండు కిలోల విత్తనం కూడా పట్టదు. నా రెండెకరాలకు నాలుగు కిలోలు చాలు సార్. మిరుగం లోపు పాలెంలో దొరికేటట్టు చూడండి, పైసలు నేనే కట్టి తెచ్చుకుంటా.