అమ్మ గాయాలను ఓపిగ్గా చూసిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

అమ్మ ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడితే, ముందు చూపించిన చోట "పెద్ద వయసు, పైగా రక్తం పలచబడే మందులు, ఇవి మామూలే" అని పంపేశారు. అందులో సగం నిజమేనని తేల్చిందీ, మిగతా సగం గురించి గట్టిగా రాసిచ్చిందీ ఫోరెన్సిక్ మెడిసిన్ (కేసుల కోసం గాయాలను పరీక్షించి రిపోర్టు రాసే విభాగం) డాక్టరు గారు. ఆయనకు అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు.

ముంజేతుల మీది ఊదారంగు మచ్చలను ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ముసలితనంలో చర్మం పలచబడ్డాక అక్కడ చిన్న రాపిడికే లోపల నెత్తురు పేరుకుంటుందట. ఆయన ఆగింది వీపు దగ్గర. పక్కపక్కనే రెండు కమిలిన గీతలు, మధ్యలో మామూలు చర్మం. కర్రలాంటిది బలంగా తగిలితే దాని కిందున్న రక్తం రెండు పక్కలకూ నెట్టుకుపోతుంది, అంచుల్లోని సన్నని రక్తనాళాలు సాగి చిట్లుతాయి. మంచం మీంచి జారిపడితే ఇలా జంట గీతలు పడవన్నారు. చెవుల వెనక, మెడ, నోటి లోపల కూడా వదల్లేదు. రక్తం గడ్డకట్టే తీరుకు పరీక్షలూ చేయించారు.

ప్రతి గాయానికీ కొలబద్ద పక్కన పెట్టి, కెమెరా నిటారుగా పట్టి ఫొటో. అది ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఇంకొకటి. లోతుగా కమిలింది పైకి తేలడానికి టైం పడుతుందని మర్నాడు మళ్లీ రమ్మన్నారు. నిజంగానే తొడ మీద ముందురోజు లేని మచ్చ కనబడింది.

"ఎన్ని రోజుల కిందటివండీ?" అని తమ్ముడు పదేపదే అడిగాడు. రంగు చూసి తేదీ చెప్పలేమని ఆయన ససేమిరా అన్నారు. ఎవరు కొట్టారన్నదీ రాయలేదు, "మొద్దుగా, పొడవుగా ఉన్న వస్తువు దెబ్బకు సరిపోతాయి" అని మాత్రమే రాశారు. అప్పుడు మాకు చిరాకేసింది. తీరా విచారణలో అవతలి లాయరు మొదట వెతికింది తేదీలనే. రిపోర్టులో లేని మాట మీద ఆ లాయరు మాత్రం ఏం వాదిస్తారు? కేసు ఇంకా నడుస్తోంది, మిగతా వివరాలు రాయను.

నర్సు గారికి కూడా బోలెడు థ్యాంక్స్. మమ్మల్నందరినీ బయటికి పంపి, అమ్మతో ఒంటరిగా మాట్లాడింది ఆవిడే. చీర కొంగు తొలగించే ముందు ప్రతిసారీ అమ్మను అడిగారట. అమ్మ చెప్పినది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే కాగితం మీద పెట్టారు.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మీ ఇద్దరినీ అడిగానని చెప్పమంది.