ఏ పరిశోధన? ఎవరి మీద?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, గానోడెర్మా అనే పుట్టగొడుగు పొడి ఆరోగ్యానికి మంచిదంటూ వచ్చిన వ్యాసం చదివాను. అందులో ‘పరిశోధనల్లో తేలింది’ అనే మాట ఆరు చోట్ల ఉంది. ఏ పరిశోధన, ఎవరి మీద చేశారు అన్నది ఒక్క చోటా లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా కోనసీమలో గానోడెర్మా కొత్త పేరేం కాదు. కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రటి బంక కారిందంటే రైతుకి గుండె జారిపోతుంది. ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం పేరే అది. దానికి వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి పాదులో వేయమని అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. ఇప్పుడు ఆ జాతి పుట్టగొడుగే క్యాప్సూళ్లలోకెక్కి, కాఫీ పొడిలో కలిసి, గొలుసుకట్టు వ్యాపారం మీద మా ఊళ్లకు వస్తోంది.

మా బావమరిది పదకొండేళ్లుగా షుగర్ మనిషి. వరసకు మేనల్లుడయ్యే కుర్రాడొకడు ఆయన్ని కాకినాడలో ఏదో హోటల్ హాల్లో మీటింగుకి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మూడు డబ్బాలున్నాయి. ‘ఇది మందు కాదు మావయ్యా, ఆహారం. సైడ్ ఎఫెక్టులుండవు’ అన్నాడట. ఆహారమే అయితే షుగర్ మాత్రలు మానెయ్యమని ఎందుకు చెప్పావురా అని నేను అడిగేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి. కాలి వేలికి లేచిన పుండు మానక రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ 400 దాటింది. వేలు దక్కింది, అది మా అదృష్టం.

ఆ కుర్రాడు మొండివాడు కాదు, అమాయకుడు. రుజువులంటూ నా ఫోనుకి ఓ పెద్ద జాబితా పంపాడు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ని కదా, ఫార్మసీ చదువుతున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చూశాను. చాలావరకు ఎలుకల మీద చేసినవి, లేదా గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసినవి. పళ్లెంలో క్యాన్సర్ కణాన్ని చంపాలంటే ముదురు ఉప్పునీళ్లు పోసినా చాలు. మనిషి ఒంట్లో లెక్క వేరు.

మనుషుల మీద చేసినవి లేకపోలేదు. అవి ఆ జాబితాలో లేవు, మేమే వెతుక్కున్నాం. మా బావమరిది లాంటివాళ్ల మీదే ఆస్ట్రేలియాలో ఒకటి చేశారు, 2016లో అచ్చయింది. షుగరుతో పాటు బీపీ, కొలెస్ట్రాల్ వంటి తిప్పలున్న 84 మందిని తీసుకున్నారు. కొందరికి రోజుకు 3 గ్రాముల గానోడెర్మా పొడి, కొందరికి దానితో పాటు కార్డిసెప్స్ అనే మరో శిలీంధ్రం, మిగతావాళ్లకు అలాగే కనిపించే ఉత్తి క్యాప్సూళ్లు, 16 వారాల పాటు. ఎవరు ఏది మింగుతున్నారో ఇచ్చేవాళ్లకూ తెలియదు, మింగేవాళ్లకూ తెలియదు. చివరికి మూడు నెలల సగటు షుగర్లోనూ, పరగడుపు షుగర్లోనూ తేడా ఏమీ రాలేదు. హోటల్ హాల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

క్యాన్సర్ మాట ఇంకా విచిత్రం. వైద్య ప్రయోగాలన్నీ కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు గానోడెర్మా మీద జరిగిన 5 ప్రయోగాలను, 373 మంది రోగుల వివరాలను ఒకచోట పెట్టి చూశారు. కీమో, రేడియేషన్‌లతో కలిపి ఇస్తే చికిత్సకు కాస్త మెరుగ్గా స్పందించారని కనిపించింది. ఒంటరిగా ఇస్తే కణితి తగ్గినట్టు ఆధారం లేదన్నారు, ఆ ప్రయోగాల నాణ్యత కూడా అంతంత మాత్రమేనన్నారు. అమ్మేవాళ్లు ‘కీమోతో కలిపి’ అన్న ముక్క కోసేసి మిగతాది చెబుతున్నారు. అబద్ధం కన్నా ఈ సగం నిజమే నాకు ఎక్కువ భయం పుట్టిస్తోంది.

పోనీ డబ్బా మీద రాసిందైనా లోపల ఉంటుందా? అమెరికా మార్కెట్లో కొన్న 19 గానోడెర్మా ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్‌కు సరిపోయినవి 5 మాత్రమే అని 2017లో తేలింది.

శిలీంధ్రాల్లో మందు లేదని నేననను. జపాన్‌కు చెందిన అకీరా ఎండో 1970లలో వేల రకాల శిలీంధ్రాలను వడపోసి, ఒక బూజులోంచి తీసిన పదార్థమే ఇవాళ మనం మింగే కొలెస్ట్రాల్ మాత్రలకు మూలం. అయితే ఆ బూజుని ఎండబెట్టి, పొడి కొట్టి, మీటింగు పెట్టి అమ్మలేదు.

చెట్టు మందు కాబట్టి హాని ఉండదన్న ధీమా కూడా కరోనా కాలంలోనే సడలాల్సింది. మా పెరట్లోనూ తిప్పతీగ ఉంది, నేనూ కషాయం కాచుకున్నవాణ్నే. ఆ కషాయం తాగాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై వైద్యులు 2021లో రాస్తే, అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ తోసిపుచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యులు కూడా చేరి, దేశంలో 13 ఆసుపత్రుల నుంచి అలాంటివి 43 కేసులు బయటపెట్టారు. తాగిన వాళ్లందరికీ అలా అవుతుందని కాదు. ఏమీ కాదని మాత్రం ఇక చెప్పలేం.

ఇక చట్టం సంగతి. మందు అంటారా, 1954 నాటి చట్టం షుగర్, క్యాన్సర్ సహా 54 జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. నోటితో చెప్పినా అది ప్రకటనే. ఆహారం అంటారా, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఏ పేరు పెట్టుకున్నా తప్పించుకునే దారి లేదు, హాలు దాకా వెళ్లే అధికారి ఉంటే. ‘వైద్య అవసరాలకు కాదు’ అని డబ్బా మీద వేయాలి, వేస్తున్నారు కూడా, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. మన రాష్ట్రాల్లో అమ్మే డబ్బాలపై ఆ ముక్క తెలుగులో, ముందువైపు, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా ఉండాలని ప్రభుత్వాలు పట్టుబట్టాలి.

మీ వంతు పని దీనికన్నా సులువు. ‘పరిశోధనల్లో తేలింది’ అని అచ్చు వేసిన ప్రతిచోటా ఎలుకలా, మనుషులా, ఎంతమంది, ఎన్నాళ్లు అన్నది పక్కనే వేయండి. ఒక్క లైను చాలు. ఆ లైనుకి సమాధానం దొరకని వ్యాసాన్ని ప్రకటనల పేజీకి పంపండి, డబ్బులైనా వస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా