సూది గుచ్చుకుంటే మందు తెల్లవారేదాకా ఆగకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

గతవారం మీ జిల్లా పేజీలో, ప్రభుత్వాసుపత్రి పారిశుద్ధ్య కార్మికురాలికి చెత్తసంచిలోని వాడేసిన సూది గుచ్చుకుందన్న వార్త చదివాను. మర్నాడు వచ్చిన అధికారుల వివరణ చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. రాత్రి డ్యూటీలో ప్రమాదం జరిగితే, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం పొద్దున తెరుస్తారు కాబట్టి అప్పుడు రమ్మన్నారట. పొద్దున రక్తపరీక్ష చేసి, నెగెటివ్ వచ్చింది కనుక భయం లేదని ఇంటికి పంపారట. ఆమె ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి కనుక మిగతా సంగతి ఏజెన్సీయే చూసుకోవాలన్నారు. ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సుగా చెబుతున్నాను, ఈ వివరణలో ఒక్క మాట కూడా నిలబడదు.

సూది గుచ్చుకున్న మర్నాడు చేసిన హెచ్ఐవీ పరీక్ష ఏం చెబుతుంది? ప్రమాదానికి ముందు ఆ మనిషికి హెచ్ఐవీ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఆ సూది వల్ల ఏమైనా సోకిందేమో తెలియాలంటే 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు మళ్లీ పరీక్షించాలి. మొదటి రోజు నెగెటివ్ చూపించి భయం లేదనడం వైద్యం తెలిసినవారు అనవలసిన మాట కాదు. అది ఎవరి సూదో తెలియనప్పుడు రోగిని వెతికి పరీక్షించే వీలూ ఉండదు. అటువంటప్పుడు గాయం ఎంత లోతుగా అయింది, సూది బోలుదా, దానిలో రక్తం ఉందా అన్నవి చూసి డ్యూటీ డాక్టరు వెంటనే నిర్ణయం తీసుకోవాలి.

వెంటనే అని ఎందుకంటున్నానంటే, పెప్ మందుల, అంటే సూది గుచ్చుకున్నాక హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందుల, విలువ అంతా ఆ తొలి గంటల్లోనే ఉంది. వీలైతే 2 గంటల లోపల మొదటి మోతాదు పడాలి. 72 గంటలు దాటితే మొదలుపెట్టినా ప్రయోజనం ఉండదు. మొదటి మోతాదు ఇవ్వడానికి ఏ పరీక్ష రిపోర్టు కోసమూ ఆగనవసరం లేదు, తర్వాత అక్కర్లేదని తేలితే మానేయవచ్చు. ఇప్పుడు మన దేశంలో ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకొకటి చొప్పున 28 రోజులు. అంత అమూల్యమైన మాత్రను తాళం వేసిన గదిలో ఉంచి, తాళంచెవి పగలు మాత్రమే పనిచేసే ఉద్యోగి చేతిలో పెడితే రాత్రి గాయపడినవారి గతేమిటి? నాలుగైదు మాత్రలు క్యాజువాలిటీలో, లేబర్ రూములో, ఆపరేషన్ థియేటరులో ఉంచడానికి ఖజానా ఏమీ ఖాళీ కాదు.

హెచ్ఐవీ ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా సోకే అవకాశం సుమారు 0.3 శాతమే, అంటే 300 మందిలో ఒకరికి. ఈ లెక్క భయం తగ్గించడానికి పనికొస్తుంది, మందు ఎగ్గొట్టడానికి కాదు. జిడోవుడిన్ అనే పాత హెచ్ఐవీ మందు ఒక్కటే వాడిన రోజుల్లోనే ఆ ముప్పు సుమారు 81 శాతం తగ్గినట్లు 1997లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. హెపటైటిస్-బి అయితే టీకా లేనివారికి 30 శాతం వరకూ సోకవచ్చు. చెత్త మోసే ప్రతి ఒక్కరికీ ఆ టీకా వేయించాలని 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. వాడిన సూదులను, అవి బయటికి పొడుచుకురాని తెల్లటి గట్టి డబ్బాలోనే వేయాలన్నదీ వాటిలోని మాటే. సూది వాడిన చేతులే దాన్ని పసుపు సంచిలోకి విసిరేస్తే, ఆ సంచి ముడివేసే మనిషి చేతికి గుచ్చుకోక ఏమవుతుంది? తనిఖీకి వచ్చే అధికారులు గోడమీది చార్టులు చూసి వెళ్లిపోతున్నారు తప్ప, ఒక్క సంచి ముడి విప్పి చూస్తున్నారా?

ఏజెన్సీ మనిషి అన్న మాట నన్ను ఎక్కువగా బాధించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టంలోని 19వ సెక్షను, ఆసుపత్రిలో పనిచేస్తూ ఈ ముప్పు ఎదుర్కొనే అందరికీ పెప్ మందులు, రక్షణ సాధనాలు, వాటిని వాడే శిక్షణ ఇవ్వాలని సంస్థనే ఆదేశించింది. ఎవరి జీతం ఎవరి ఖాతాలోంచి వస్తుందని ఆ చట్టం అడగలేదు. పర్మినెంటు ఉద్యోగులు తగ్గి ఏజెన్సీల ద్వారా వచ్చేవారు పెరుగుతున్న కొద్దీ, సూదికి దగ్గరగా ఉండేవారే రక్షణకు దూరమవుతున్నారు. గాయమైనట్టు చెబితే పని పోతుందన్న భయంతో వేలు నోట్లో పెట్టుకుని, చీరకొంగుతో తుడుచుకుని పనిలో పడిన ఆడవాళ్లను నేను చూశాను. వేలు పిండకుండా, నోట్లో పెట్టకుండా సబ్బునీళ్లతో కడుక్కోవాలని కూడా వారికి ఎవరూ చెప్పలేదు.

మీ పత్రికను కూడా ఒక మాట అనక తప్పదు. ఆమె పేరు వేయకపోయినా వీధి పేరు, భర్త చేసే పని వేశారు. శీర్షికలో 'హెచ్ఐవీ సోకిందా?' అని అడిగారు. ఆ వీధిలో ఆమె రేపు ఎలా తిరగాలి? దానికి బదులు హెచ్ఐవీ సలహాల కోసం ఉన్న 1097 హెల్ప్‌లైన్ నంబరు వేసి ఉంటే ఎవరికైనా పనికొచ్చేది.

ఆమెకు ఇంతకీ మందు మొదలుపెట్టారా, ఎన్ని గంటలకు పెట్టారు, 28 రోజులూ వాడేలా ఎవరు చూస్తున్నారు, తర్వాతి పరీక్షలకు పోయిన రోజుల కూలి ఎవరిస్తారు అన్నవి, ఆమె వివరాలు బయటపెట్టకుండానే సూపరింటెండెంటు గారిని మీ విలేకరి అడగాలని కోరుతున్నాను. జిల్లాలోని ప్రతి ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి వేళ ఆ మాత్రలు ఉంటున్నాయో లేదో జిల్లా వైద్యాధికారి గారు మీ పత్రిక ద్వారానే తెలియజేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
తెనాలి