రాక్ రికార్డుల గైడు: ఏ పేజీలు తిప్పి చూడాలి?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో రాక్ ఆల్బమ్‌ల సమీక్షల పుస్తకం 'ట్రౌజర్ ప్రెస్ రికార్డ్ గైడ్' నాలుగో ముద్రణను (1991) పరిచయం చేసినందుకు సంతోషం. పంక్ (డెబ్బైల నాటి మోటు, వేగవంతమైన రాక్), దాని తర్వాతి పోస్ట్‌పంక్, ప్రయోగాత్మక రాక్ వినేవాళ్లకు ఇరా రాబిన్స్ సంపాదకత్వంలో వచ్చిన ఈ పుస్తకం ఇప్పటికీ అక్కరకొస్తుంది. అయితే పరిచయకర్త ఆ గైడులో ఎవరెవరి పేర్లు లేవో లెక్కగట్టి అక్కడితో ఆగిపోయారు. ఏ గైడులోనైనా కొన్ని పేర్లు తప్పిపోతాయి. ఉన్న పేర్ల దగ్గర ఎంత జాగ్రత్తగా రాశారన్నదే అసలు పరీక్ష. అందుకు చిక్కుముడి ఉన్న రికార్డులు నాలుగు ఎంచుకుంటే చాలు.

బ్రిటిష్ పంక్ బృందం ది క్లాష్ తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో 1977లో 14 పాటలతో వచ్చింది. అమెరికాలో 1979లో గానీ విడుదల కాలేదు. అప్పుడు నాలుగు పాటలు తీసేసి ఐదు చేర్చారు. ఈలోగా 1978లోనే రెండో ఆల్బమ్ వచ్చేసింది. గైడు ఒక్క తేదీ వేసి ఊరుకుంటే చదివేవాడికి వరసా తెలియదు, తన చేతిలో ఉన్న డిస్కు ఏదో కూడా తెలియదు.

పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే పోస్ట్‌పంక్ బృందం వారి 'మెటల్ బాక్స్' ఇంకా మంచి పరీక్ష. 1979లో గుండ్రటి రేకు డబ్బాలో నిమిషానికి 45 చుట్లు తిరిగే మూడు 12 అంగుళాల డిస్కులుగా వచ్చింది. ఒక్కో వైపు పది నిమిషాలే కాబట్టి సూది నడిచే గీతలు వెడల్పుగా పడి, బేస్ గిటార్ నిండుగా పలుకుతుంది. మరుసటి ఏడాది అదే సంగీతం 'సెకండ్ ఎడిషన్' పేరుతో మామూలు డబుల్ ఎల్‌పీగా (రెండు డిస్కులుగా) వచ్చింది. పాటల వరస మారింది, పలుకూ కొంత పలచబడింది. ఇవి రెండు వేర్వేరు ఆల్బమ్‌లన్నట్టు రాసిన గైడును నమ్మకండి. డబ్బాలో డిస్కులు బిగుతుగా ఇరుక్కుని, తీసేటప్పుడే గీసుకుపోతాయన్న ముక్క కూడా చెబితే కొనేవాడికి నిజంగా మేలు చేసినట్టే!

అమెరికన్ రాక్ గాయకుడు లౌ రీడ్ 'మెటల్ మెషీన్ మ్యూజిక్' (1975) దగ్గర చూడాల్సింది వేరు. "భరించలేం" అని తేల్చెయ్యడం తేలిక. అందులో గాత్రం లేదు, డ్రమ్స్ లేవు, రెండు డిస్కుల నాలుగు వైపులా గిటార్ ఫీడ్‌బ్యాకే (స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి చేరి పుట్టే కీచు, హోరు). నాలుగో వైపు చివర గీత వలయంగా మూసుకుపోతుంది. చేత్తో సూది ఎత్తేదాకా అదే శబ్దం తిరుగుతూనే ఉంటుంది. ఇంతవరకు చెప్పాక తిట్టినా పేచీ లేదు.

ఇగ్గీ అండ్ ద స్టూజెస్ 'రా పవర్' అసలు 1973 నాటిది, మిక్స్ (గాత్రం, వాద్యాల మోతాదులు కలిపి కూర్చడం) చాలామటుకు గాయకుడు డేవిడ్ బోవీది. 1997లో బృందం గాయకుడు ఇగ్గీ పాప్ తానే మళ్లీ మిక్స్ చేశాడు. పాటలు అవే అయినా వింటే వేరే రికార్డులా, చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. 1991లో అచ్చయిన ఏ గైడైనా బోవీ మిక్స్ గురించే మాట్లాడుతుంది. ఆ తీర్పు పట్టుకుని 1997 సీడీ కొంటే నిరాశే.

ట్రౌజర్ ప్రెస్‌లో నక్షత్రాల మార్కులు లేవు, సమీక్ష చివర రాసినవారి పొడి అక్షరాలుంటాయి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఎవరి అభిరుచి ఎటు మొగ్గుతుందో నాలుగు సమీక్షలు చదివితే పట్టుబడుతుంది. విడుదల చేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఇస్తారు గానీ కంపెనీ ఒక్కో డిస్కుకు ఇచ్చే కేటలాగ్ నంబర్లు ఇవ్వరు. అందువల్ల పాత డిస్కు ఏ ముద్రణో తేల్చడానికి ఇది పనికిరాదు. పాటలు ముగిశాక డిస్కు మధ్యలోని కాగితం లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి పట్టీలో చెక్కిన అంకెలు చూసుకోవాల్సిందే.

1997 నాటి ఐదో ముద్రణ కొత్తది కదా అని నాలుగోదాన్ని వదిలేయొద్దని కూడా ఆ పరిచయంలో ఉండాల్సింది. ఐదోది తొంభైల రాక్‌కే పరిమితం. డెబ్బైల, ఎనభైల రికార్డుల కోసం నాలుగోదే తెరవాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్