విషయం: గోడ మీద లేని చిత్రానికి మీ ఆడియో గైడ్, డబ్బు వాపసు గురించి

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. గత శనివారం మధ్యాహ్నం 12 గంటల ప్రవేశానికి మీ సంస్థ దగ్గర రెండు మ్యూజియం టికెట్లు, రెండు ఆడియో గైడ్లు తీసుకున్నాను. అంత పెద్ద భవనాన్ని ఒక్క పూటలో చుట్టేయాలన్న ఆశ నాకూ నా స్నేహితురాలికీ లేదు. మేం వెళ్లింది ఒకే ఒక్క ఎచింగ్ కోసం. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1648 ప్రాంతంలో రాగిరేకు మీద గీసి అచ్చు తీసిన 'నూరు గిల్డర్ల చిత్రం' అది. నా స్నేహితురాలు ఇప్పుడు ఎచింగ్ నేర్చుకుంటోంది. ఆ నల్లటి నీడల్లో గీతలు ఎలా పడ్డాయో చూడాలని భూతద్దం కూడా వెంట తెచ్చుకుంది.

'వరుసలో నిలబడే పని లేదు' అని మీ రసీదులో ఉంది. మంచు కురుస్తుంటే 40 నిమిషాలు నిలబడ్డాం. లోపల కోట్లు భద్రపరిచే గది నిండిపోవడంతో తడి కోట్లు చేతుల మీద వేసుకుని తిరిగాం. ఆ గది మీది కాదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

వదల్లేనిది రెండో అంతస్తులో జరిగింది. ఆడియో గైడ్ చెప్పిన గోడ మీద రెండు కొక్కేలు, ఒక చిన్న చీటీ ఉన్నాయి. చిత్రం లేదు. చెవిలో మాత్రం మీ వ్యాఖ్యాత తీరిగ్గా అడుగుతున్నాడు: "కుడివైపు కమాను దగ్గర ఒంటెను గమనించారా?" నా స్నేహితురాలు నవ్వేసింది. కాసేపటికి భూతద్దం సంచిలో పెట్టేసుకుంది.

మ్యూజియాన్ని తప్పుపట్టను. కాగితం మీది చిత్రాలు వెలుతురుకు పాడవుతాయి. 50 లక్స్ మసక వెలుగులో ఉంచినా కొన్ని నెలలకు తీసి చీకట్లో భద్రపరచాల్సిందే. తీసిన తేదీ ఆ చీటీ మీదే ఉంది: మేం టికెట్లు కొనడానికి ఆరు వారాల ముందు. మీ వెబ్‌సైట్లో మాత్రం ఈ లేఖ రాస్తున్న ఈ రోజుకూ 'తప్పక చూడండి' కింద మొట్టమొదటి బొమ్మ అదే. ఫోన్ చేస్తే మీ ఉద్యోగి, "మిగతావన్నీ చూశారు కదండీ" అన్నారు. పెళ్లికొడుకు రాకపోయినా భోజనం బాగుంది కదా అన్నట్టుంది.

టికెట్ల అసలు ధర అడగడం లేదు, అది మ్యూజియానికి చెందిన డబ్బు. రెండు ఆడియో గైడ్ల సొమ్ము, మీరు వసూలు చేసిన సేవా రుసుము 15 రోజుల్లో వాపసు చేయండి. ఆ బొమ్మ పక్కన 'ప్రస్తుతం ప్రదర్శనలో లేదు' అని ఈ రోజే రాయించండి. రసీదులు, చీటీ ఫోటో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు