'బోధకుడు కూడా' అట!

సంపాదకుల వారికి,

పల్లెల గురించి రాసే జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ మీద మీరు వేసిన వ్యాసం వచ్చి పది రోజులైంది. ఊరుకుందామనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. మొదటి వాక్యమే 'మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి మనవడు'. ఆ వెంటనే 2007 మెగసెసే అవార్డు, దాని కింద మిగతా అవార్డుల పట్టిక. చేసిన పని గురించి నాలుగు లైన్లు. పెళ్లి సంబంధాల బయోడేటాలో అయినా అబ్బాయి ఏం చేస్తాడో ఇంతకన్నా వివరంగా రాస్తారు.

1993లో ఫెలోషిప్ తీసుకుని 5 రాష్ట్రాల్లోని 10 అతి పేద జిల్లాల్లో తిరిగారాయన. అందులో సుమారు 5,000 కిలోమీటర్లు కాలినడకనే. కరువొస్తే నిధులొస్తాయి, కాంట్రాక్టర్లొస్తారు, నీళ్లు మాత్రం రావు అన్న సంగతి సీమవాళ్లకి కొత్తేం కాదు. కానీ ఊరి పేరుతో, రూపాయల లెక్కతో రాసి 1996లో పుస్తకంగా తెచ్చారు చూడండి, అదీ పని. తర్వాత రైతు ఆత్మహత్యల మీద రాసినప్పుడూ అంతే. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో అంకెలనే ముందుపెట్టి, పట్టా తన పేరున లేని మహిళ చనిపోతే రైతుగా లెక్కలోకి రావడం లేదని చూపించారు. ఇప్పటికీ మా దగ్గర కౌలు రైతు కార్డు కోసం వెళ్తే 'ఓనర్‌ని తీసుకురా' అంటారు. ఓనర్ ఎక్కడుంటాడో వాళ్లకీ తెలుసు.

2009 మహారాష్ట్ర ఎన్నికల సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అప్పటి ముఖ్యమంత్రిని పొగుడుతూ ఒకే వ్యాసం పొల్లు పోకుండా వేర్వేరు పత్రికల్లో వార్తగా వచ్చింది. ఆ ముఖ్యమంత్రి పత్రికా ప్రకటనలకు పెట్టానని చూపిన ఖర్చు 5,379 రూపాయలు! దాన్ని బయటపెట్టింది సాయినాథే. ఆ తర్వాత ఇలా డబ్బు తీసుకుని వార్తగా వేసే 'పెయిడ్ న్యూస్' మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 71 పేజీల నివేదిక ఇస్తే, కౌన్సిల్ దాన్ని కుదించి విడుదల చేసింది. ఆ ఉపసంఘంలోని ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాసరెడ్డి. ఇదంతా ఎందుకు వదిలేశారో నేను అడగను. మీ వ్యాసం వచ్చిన రోజు మీ పత్రికలో వార్త కనపడాలంటే మూడు పేజీల ప్రకటనలు తిప్పాల్సొచ్చింది.

అవార్డుల పట్టిక వేశారు సరే, వద్దన్నదాని మాటేమిటి? 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్సార్ జీవిత సాఫల్య పురస్కారం ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. ఏ ప్రభుత్వాల గురించి రాస్తామో వాటి దగ్గర జర్నలిస్టు బహుమతులు పుచ్చుకోకూడదన్నారు. ఏటా ఉగాదికి శాలువాల కోసం క్యూ కట్టేవాళ్ల మధ్య ఈ మాట అచ్చువేయడం ఇబ్బందే మరి.

చివర్లో 'జర్నలిజం బోధకుడు కూడా' అన్నారు. కూడా! ముప్పై రెండేళ్లు బడిపంతులుగా చేసిన నాకు ఆ ముక్క దగ్గరే ఒళ్లు మండింది. ముంబయి సోఫియా పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి, చెన్నై ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలోనూ పాఠాలు చెప్పిన మనిషాయన. 2014లో పల్లెల కథనాల కోసం 'పరి' అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. అందులో తెలుగులోనూ చదువుకోవచ్చు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు ఒక పత్రికకి మండల కంట్రిబ్యూటర్. వాడికి నేర్పిందల్లా యాడ్ టార్గెట్. పండగొస్తే సర్పంచుల ఇళ్ల చుట్టూ తిరుగుతాడు. "పొలాలకి వెళ్లి రాయరా" అంటే, "రాసిన లైన్లు లెక్కగట్టి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకే చాలవు మాస్టారూ" అన్నాడు.

కౌలు రైతుల కార్డుల మీద రెండు నెలల కిందట నేను పంపిన ఉత్తరం ఇంకా మీ బల్ల మీదే ఉన్నట్టుంది. జాగా లేకపోతే ఇది పక్కన పెట్టి దాన్ని వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు