ఓరెగన్ రోడ్డు గురించి రాయండి, అక్కడి నీళ్ళ గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్‌లో అమెరికా టూర్ల మీద వ్యాసం వస్తే వదలకుండా చదువుతాను. దాదాపు ప్రతిసారీ నయాగరా, న్యూయార్క్, లాస్ వేగాస్, డిస్నీ, ఇవే ఉంటాయి. పడమటి వైపు సియాటిల్ నుంచి కాలిఫోర్నియా దాకా దిగే దారి గురించి ఎవరైనా రాస్తారేమో అని చూస్తూనే ఉన్నా. మేం ఓరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో ఉంటాం, ఇంటెల్ వల్ల ఇక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు, సియాటిల్ వైపు మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉండటంతో ఇంకా ఎక్కువమంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, చదువుకోడానికి వచ్చిన పిల్లలకి లాంగ్ వీకెండ్ దొరికినా కారు తీసుకుని ఈ రోడ్డు ఎక్కుతారు. దాని గురించి రాయమని అడగడానికే ఈ ఉత్తరం, రాసేటప్పుడు ఒక విషయం మాత్రం మర్చిపోకుండా వేయమని కూడా.

దారి ఇలా ఉంటుంది. సియాటిల్ నుంచి పోర్ట్‌లాండ్‌కి సుమారు 280 కిలోమీటర్లు, మధ్యలో ఎడమ చేతి వైపు సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం, 1980 మే 18న పేలి 57 మందిని పొట్టన పెట్టుకుంది, కొండ ఎత్తు దాదాపు 400 మీటర్లు తగ్గిపోయింది. పోర్ట్‌లాండ్ నుంచి గంటన్నరలో క్యానన్ బీచ్, అక్కడినుంచి 101 హైవే పట్టుకుని సముద్రం పక్కనే దక్షిణానికి, కాలిఫోర్నియా సరిహద్దు దాటగానే రెడ్‌వుడ్ అడవులు, తిరుగు దారిలో గ్రాంట్స్ పాస్, మెడ్‌ఫర్డ్ మీదుగా క్రేటర్ లేక్, తర్వాత బెండ్ ఊరు, మౌంట్ హుడ్, మళ్ళీ పోర్ట్‌లాండ్. వారం రోజులు ఉంటే హాయిగా తిరగొచ్చు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు ఎందుకంటే సగం అందాలు కారు ఆపిన చోటే కనిపిస్తాయి.

ఓరెగన్ తీరం మొత్తం 580 కిలోమీటర్ల పైనే, 1967లో చేసిన చట్టం వల్ల ఆ ఇసుక మీదకి వెళ్ళే హక్కు జనం అందరిదీ. ఏ హోటల్ వాడూ, ఏ బంగళా వాడూ ఇది మా బీచ్ అని కంచె కట్టలేడు. ఈ ఒక్క విషయానికే ఆ రాష్ట్రానికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. కొద్ది దూరానికో వ్యూ పాయింట్, పార్కింగ్, కిందకి దిగడానికి దారి. కానీ అన్నిచోట్లా దిగొచ్చు కాబట్టి అన్నిచోట్లా కాపలా ఉండదు, చాలా బీచ్‌ల్లో లైఫ్‌గార్డులే ఉండరు.

మా నాన్నగారిది చీరాల వైపు, వాడరేవులో ఈత కొడుతూ పెరిగిన మనిషి, సముద్రం అంటే ఆయనకి భయం అనేదే లేదు. 101 మీద నీలం రంగు బోర్డు ఒకటి కనిపించింది, ఇక్కడినుంచి సునామీ ప్రమాద ప్రాంతం అని, అది చూసి కారు పక్కకి ఆపమన్నారు. 2004 డిసెంబర్ 26 ఆయనకి బాగా గుర్తు. ఇక్కడేంటి అంటే, సముద్రం అడుగున హువాన్ డి ఫూకా అనే భూఫలకం ఈ తీరం కిందకి జరుగుతూ ఉంటుంది, అది లోపలికి వెళ్ళాక పైన రాయి కరిగి సెయింట్ హెలెన్స్, హుడ్ లాంటి అగ్నిపర్వతాలు పుట్టాయి, అదే ఫలకం ఒక్కసారి జారితే పెద్ద భూకంపం, సునామీ. 1700 జనవరి 26న అలా జరిగింది, ఆ అల జపాన్ దాకా వెళ్ళిందట, అక్కడివాళ్ళు రాసిపెట్టుకున్న లెక్కల వల్లే తేదీ కూడా తెలిసింది. నాన్నగారు ఆ బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డారు, ఏ ఊరి నుంచి ఏ గుట్ట ఎక్కాలో బాణాలతో సహా పెట్టారే అని.

ఇంత తెలిసిన మనిషి కూడా మధ్యాహ్నం ఒక బీచ్‌లో ఫోటో కోసం ఒడ్డున పడున్న పెద్ద దుంగ ఎక్కారు. కుక్కని తిప్పుకుంటున్న ఒక పెద్దావిడ ఆగి, దయచేసి దిగండి, నీళ్ళ వైపు వీపు పెట్టి నిలబడొద్దు అని గట్టిగా చెప్పింది. దిగి ఇటు వచ్చేశాం, కాసేపటికి అప్పటిదాకా వచ్చిన అలలన్నిటికంటే బాగా పైకి ఒక అల వచ్చి, చీలమండ లోతు కూడా లేని నీళ్ళు ఆ దుంగని దొర్లించేశాయి. ఎన్ని టన్నులుంటుందో అది! ఆ పెద్దావిడ చెప్పకపోతే ఏమయ్యేదో తలచుకోడానికే భయం వేస్తుంది. ఇలా చెప్పాపెట్టకుండా వచ్చే అలల్ని ఇక్కడ స్నీకర్ వేవ్స్ అంటారు, చలికాలం తుఫాన్ల రోజుల్లో ఎక్కువ, ఎండ కాస్తున్న రోజు కూడా రావచ్చు.

ఇంకోటి చలి. మన బంగాళాఖాతం నీళ్ళు 27, 28 డిగ్రీలు ఉంటాయి, ఇక్కడ పసిఫిక్ 10 నుంచి 13 డిగ్రీలే, అది కూడా ఎండాకాలంలో! వేసవిలో ఉత్తరపు గాలి పైనున్న నీటిని ఒడ్డు నుంచి దూరంగా తోసేస్తుంది, దాని చోటులోకి అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది, అందుకని జూలైలో కూడా వెచ్చబడదు. అలాంటి నీళ్ళలో ఒక్కసారి దూకితే మనిషికి తెలియకుండానే ఊపిరి గబుక్కున లోపలికి పీలుస్తాడు, ఆ టైంలో తల నీళ్ళలో ఉంటే అంతే సంగతులు. మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు కాళ్ళు బిగుసుకుపోతాయి, ఎంత గజ ఈతగాడైనా.

రెడ్‌వుడ్ అడవి గురించి ఎంత రాసినా తక్కువే, ఆ చెట్ల కింద కారులో వెళ్తుంటే రేడియో కూడా ఆపేయాలనిపిస్తుంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన చెట్టు అక్కడే ఉంది, దాదాపు 116 మీటర్లు. వేసవిలో వాన చాలా తక్కువ, అప్పుడు సముద్రం నుంచి వచ్చే పొగమంచు నీరు కూడా ఆ చెట్లకి పెద్ద ఆసరా. కొట్టేయగా మిగిలింది పాత అడవిలో 5 శాతమే.

క్రేటర్ లేక్ చూసి మా అమ్మ అన్న మాట, నీలిమందు కలిపిపెట్టినట్టుందే అని. సుమారు 7,700 ఏళ్ళ కిందట మజామా అనే అగ్నిపర్వతం పేలి, పైభాగం లోపలికి కూలిపోయి ఏర్పడిన గొయ్యి అది, లోతు 594 మీటర్లు, అమెరికాలో అంత లోతైన సరస్సు ఇంకోటి లేదు. ఏ నదీ వచ్చి కలవదు, మంచు, వాన నీళ్ళే, మట్టి చేరదు కాబట్టే అంత నీలం. నీటిదాకా దిగడానికి క్లీట్‌వుడ్ అనే కాలిబాట ఒక్కటే, రిపేర్లకి మూస్తే అదీ ఉండదు, కాబట్టి బయల్దేరేముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోవాలి. ఆ బాట తెరిచి ఉన్న రోజుల్లో కుర్రాళ్ళు అక్కడ బండ మీద నుంచి దూకుతుంటారు. వేసవిలో పైపొర కాస్త వెచ్చబడుతుంది గానీ కిందంతా 3, 4 డిగ్రీలు, కాలు ఆనడానికి అడుగు ఎక్కడుంటుంది అందులో?

చెరువులో, కాలవలో, విశాఖ బీచ్‌లో ఆడుకుని పెరిగిన పిల్లలు మనవాళ్ళు. అమెరికాలో సరస్సులోనో జలపాతం దగ్గరో మునిగి తెలుగు విద్యార్థి మృతి అన్న వార్త మీ పేపర్‌లోనే ఎన్నిసార్లు చదివామో, చదివిన ప్రతిసారీ ఆ అమ్మానాన్నల ఫోటో చూడలేక పేజీ తిప్పేస్తాను. అందుకే అడుగుతున్నా. ఈ రోడ్డు గురించి రాస్తే నీళ్ళ చల్లదనం ఎంతో, దుంగలు ఎందుకు ఎక్కకూడదో, ఆటుపోటుల టైం చూసుకోకపోతే కొండ మలుపు అవతల ఎలా చిక్కుకుపోతారో, ఈత వచ్చినా లైఫ్ జాకెట్ ఎందుకు వేసుకోవాలో ఫోటోల పక్కనే పెద్ద అక్షరాల్లో వేయండి. చివర్లో చిన్న అక్షరాల్లో వేస్తే ఎవరూ చదవరు. తెలుగు సంఘాలవాళ్ళు కూడా కొత్తగా వచ్చే విద్యార్థులకి ఎయిర్‌పోర్ట్ పికప్, అద్దె ఇళ్ళతో పాటు ఈ మాట కూడా చెప్తే ఎంతో మేలు.

క్రేటర్ లేక్ చుట్టూ రోడ్డు మంచు కరిగి పూర్తిగా తెరిచేసరికి మామూలుగా జూలై అవుతుంది, ఆగస్టులో యూనివర్సిటీలకి పిల్లలు దిగుతారు. వేసేదేదో ఈలోపే వేయండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
బీవర్టన్, ఓరెగన్